నాయన పోయాక మిగిలిన ఆరెకరాల చేను: గుత్తకు (కౌలుకు) ఇవ్వాలా, నీలగిరి పెట్టాలా, ఇంకేదైనా దారి ఉందా?

కదిరి_కుర్రాడు | ఏప్రిల్ 6

అందరికీ నమస్కారం. పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

మాది శ్రీ సత్యసాయి జిల్లా, కదిరి దగ్గర ఒక పల్లె. నాయన పోయి ఏడాది దాటింది. 6 ఎకరాల 20 సెంట్ల మెట్ట చేను ఇప్పుడు నా పేరు మీదికి వచ్చింది. నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తాను, నెలకు ఒకటి రెండు సార్లు ఊరికి వెళ్ళొస్తాను. ఎర్రనేల, అంతా వానాధారమే. రెండు బోర్లు వేయిస్తే రెండూ ఎండిపోయాయి. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆ చేలో శెనక్కాయే (వేరుశనగ), అక్కడక్కడ నాలుగు కంది సాళ్ళు. నాయనకు ఒంట్లో బాగాలేనప్పటి నుంచి, అంటే మూడేళ్ళుగా, ఊళ్ళోనే ఒకన్నకు గుత్తకు ఇస్తున్నాం. ఏడాదికేడాది మాట్లాడుకోవడమే, కాగితం లేదు.

మొన్న ఉగాదికి వెళ్ళి చేనంతా నడిచాను. పడమటి గెనిమ (చేను గట్టు) మూడు చోట్ల తెగిపోయింది. అక్కడి నుంచి వంక దాకా మోకాలి లోతు గండి పడింది. పైన ఉండాల్సిన మెత్తటి మట్టి పోయి గులకరాళ్ళు తేలాయి. నాయన ప్రతి ఎండాకాలం వారం రోజులు పార పట్టుకుని గెనిమలే కట్టేవాడు, మేం సెలవులకు వెళ్తే మాతో కూడా రాళ్ళు మోయించేవాడు. ఆ పని ఈ మూడేళ్ళలో ఎవరూ చేయలేదు. గుత్తకు చేసే అన్నను ఎలా తప్పు పట్టేది, నేనైనా చేయలేదు కదా.

చిన్నాన్న నీలగిరి పెట్టేయ్ అంటాడు, నాలుగేళ్ళకొకసారి కోసుకోవచ్చు, చూడాల్సిన పని లేదని. బావ అయితే వెంచర్ వాళ్ళు అడుగుతున్నారు, రేటు ఉన్నప్పుడే అమ్ముకో అంటున్నాడు. నాకు అమ్మడం ఇష్టం లేదు. అక్కడ ఉండకుండానే ఆ నేలను మళ్ళీ మనిషి చేయి పడిన నేలలా చేయడం కుదురుతుందా? రాత్రిళ్ళు అదే ఆలోచన, నిజంగా టెన్షన్‌గా ఉంది.

మడకమేడి | ఏప్రిల్ 6

నాయనా, ముందు అమ్మే మాట పక్కన పెట్టు. ఆ గండి గురించి మాట్లాడదాం.

మన వైపు ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. ఎకరా మీద ఒక్క మిల్లీమీటరు పడితే నాలుగు వేల లీటర్ల పైన. నీ ఆరెకరాల మీద ఏడాదికి కోటీ ముప్పై లక్షల లీటర్లకు మించి పడుతుందన్నమాట. అది నెమ్మదిగా పడితే బాధ లేదు, పడేదంతా పది పన్నెండు వానల్లో దబాయించి పడుతుంది. నిలబడితే బంగారం, నిలబడకపోతే నీ పైమట్టిని మోసుకుని వంకలో కలుస్తుంది. మీ నాయన ఎండాకాలంలో చేసింది గెనిమ పని అనుకుంటున్నావు, ఆయన చేసింది నీళ్ళ పని. మూడేళ్ళు ఆగేసరికి ఏమయిందో నువ్వే చూశావు.

విత్తనం, ఎరువు, పంట అన్నీ తర్వాత. ఈ ఏప్రిల్, మే నెలల్లోనే గండ్లు పూడ్పించు. ఉట్టి మట్టితో పూడిస్తే మొదటి వానకే పోతుంది. అడుగున పెద్ద రాళ్ళు, సందుల్లో చిన్న రాళ్ళు, ఆ పైన మట్టి. నీళ్ళు ఎక్కువైతే పోవడానికి ఒక పక్క రాళ్ళతో మరవ వదలాలి, చెరువుకు ఉన్నట్టే. మరవ లేని కట్ట ఎంత ఎత్తు పెట్టినా నిలవదు. వాలుకు అడ్డంగా దున్నించాలి. ట్రాక్టరు వాళ్ళు తిప్పుకోవడం సులువని పొడుగు చూసుకుని వాలు వెంబడి దున్నేస్తారు, నువ్వు దగ్గర ఉండి చెప్పాలి. ఆ ఒక్క రోజు సెలవు పెట్టు.

ఒంగోలు_గిత్త | ఏప్రిల్ 7

నేను ప్రకాశం జిల్లా. మా దగ్గర వేలాది ఎకరాల్లో జామాయిల్ (మీరనే నీలగిరే), సుబాబుల్ ఉన్నాయి. మీ చిన్నాన్న మాటను అంత తేలిగ్గా తీసేయకండి. కూలీలు దొరకరు, వాన నమ్మకం లేదు, పిల్లలు ఊళ్ళో లేరు. అలాంటి కుటుంబాలకు ఆ చెట్లే నాలుగు డబ్బులు ఇచ్చాయి, పిల్లల ఫీజులు కట్టించాయి. మాకూ నాలుగెకరాలు ఉండేది.

కానీ నా అనుభవం మొత్తం చెప్పాలి. మూడో కోత తర్వాత రేటు పడిపోయింది, తీసేద్దాం అనుకున్నాం. మొద్దులు పెకలించడానికి జేసీబీ పెట్టించాల్సి వచ్చింది, ఒక కోతలో మిగిలిందంతా దానికే పోయింది. ఆ తర్వాత కంది వేస్తే రెండేళ్ళు సరిగ్గా ఎదగలేదు. జామాయిల్ కింద ఇంకో మొక్క పెరగదు, గొడ్డు మేయడానికి కసువు ఉండదు. చెట్టు వేయాలనే ఉంటే గెనిమల మీద కానుగ, వేప, సీతాఫలం వేయండి. చేను చేనుగానే ఉండనివ్వండి.

మట్టిమనిషి | ఏప్రిల్ 7

వ్యవసాయ శాఖలో ముప్పై ఏళ్ళు పని చేసి రిటైర్ అయ్యాను, అందులో చాలా కాలం అనంతపురం జిల్లాలోనే. రెండు మాటలు.

మట్టి పరీక్ష చేయించండి. రిపోర్టులో సేంద్రియ కర్బనం అని ఒక గడి ఉంటుంది. 0.5 శాతం లోపు ఉంటే తక్కువ కింద లెక్క. మన ఎర్ర చెలకల్లో చాలా వాటికి అంతకన్నా తక్కువే వచ్చేది, నేను చూసిన కాగితాల్లో. కర్బనం తగ్గితే నేల నీరు పట్టుకోదు, పది రోజులు వాన ఆగితే చాలు పైరు వాడిపోతుంది. మనం దాన్ని కరువు అంటాం. సగం కరువు ఆకాశంలో ఉంటే సగం నేలలో ఉంది.

ఇంకొకటి. ఏళ్ళ తరబడి ఒకే పంట వేసిన దానికి 2000 సంవత్సరం ఖరీఫ్‌లో జిల్లా మొత్తం మూల్యం కట్టింది. కాండం కుళ్ళు వైరస్ వచ్చి రెండు లక్షల హెక్టార్లకు పైగా వేరుశనగ దెబ్బతింది, నష్టం 300 కోట్లు దాటింది. నేను అప్పుడు సర్వీసులో ఉన్నాను, చేలల్లో నిలబడి రైతులకు ఏం చెప్పాలో మాకు తెలియలేదు. తర్వాత శాస్త్రవేత్తలు తేల్చింది ఏమిటంటే, ఆ వైరస్ గట్ల మీద, బీళ్ళలో పెరిగే వయ్యారిభామలో ఉంటుంది, మీ వైపు కాంగ్రెస్ గడ్డి అంటారు. దాని పుప్పొడిని తామర పురుగులు వేరుశనగ మీదికి చేరుస్తాయి. దానికి చెప్పిన విరుగుడు ఏమిటో తెలుసా? గట్ల మీద ఆ కలుపు పూతకు రాకముందే పీకేయడం, చేను చుట్టూ నాలుగు సాళ్ళు జొన్న గానీ సజ్జ గానీ వేయడం. పొడుగ్గా ఎదిగిన జొన్న పురుగును అడ్డుకుంటుంది. మా తాతల కాలంలో చేను చుట్టూ జొన్న లేని చేను ఉండేది కాదు. మనం వద్దనుకుని తీసేసిన దాన్నే మళ్ళీ సిఫారసుగా రాసి రైతులకు పంచాను నేను.

శెనక్కాయ మానేయమని నేను అనను, అది ఆ నేలకు సరిపోయే పంటే. దాన్ని ఒంటరిగా వేయొద్దు అంటాను. ప్రతి 8 సాళ్ళకు ఒక కంది సాలు, చుట్టూ జొన్న, మధ్యలో అలసంద, అనుము. శెనక్కాయ పోయిన ఏడాది కంది నిలబెడుతుంది, కంది వేరు లోతుకు పోతుంది, రాలిన ఆకు అంతా చేనుకే.

జొన్నకంకి | ఏప్రిల్ 8

నాది జహీరాబాద్ వైపు. తమ్ముడూ, నీ పోస్టు చదివి మా అత్తమ్మ గుర్తొచ్చింది. మాకు మూడెకరాలు, రెండు ముక్కలు. ఒకటి ఎర్ర చెలక, ఇంకోటి నల్లరేగడి.

మా అత్తమ్మ చదువుకోలేదు. పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ వాళ్ళు నడిపించిన మహిళా సంఘాల్లో ఉండేది. ఆ సంఘాల ఆడవాళ్ళు చాలామంది సర్కారు ఇచ్చిన బీడు భూములు, రాళ్ళ భూములు చేతికొచ్చిన దళిత కుటుంబాల వాళ్ళు. ఆ రాళ్ళు ఏరి, గట్లు పోసి, ఒక్కో చేలో పది పదిహేను రకాలు కలిపి చల్లారు. 2019లో వాళ్ళకు ఐక్యరాజ్యసమితి వాళ్ళ ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. మా అత్తమ్మకు ప్రైజు సంగతి పెద్దగా పట్టలేదు, సంక్రాంతి నాడు మొదలయ్యే పాత పంటల జాతరకు ఎడ్ల బండి కట్టిందా లేదా అన్నదే ఆమె పట్టింపు. విత్తనాల బుట్టలు బండ్లలో పెట్టుకుని ఊరూరా తిరుగుతారు కదా.

మాకు యాసంగిలో సత్యం పంటలు అని ఉన్నాయి. నీళ్ళు కట్టకుండా, వాన లేకుండా, నల్లరేగడిలో ఉన్న పదునుకు, మంచుకు పండే పంటలు: తెల్లజొన్న, శనగ, కుసుమ, అవిసె, ధనియాలు. సత్యం మీద పండుతాయని ఆ పేరు. మీ ఎర్రనేలలో అవి రావు, నేనూ రావనే చెప్తాను. కానీ ఎర్ర చెలకలో వానాకాలం మేం వేసే కలగలుపు మీకు సరిపోతుంది: కంది, జొన్న, కొర్ర, సజ్జ, పెసర, అనుము, నువ్వు, గట్టు మీద గోంగూర. ఒక్కోటి ఒక్కో నెలలో చేతికొస్తుంది. బతుకమ్మ నాటికి పెసరు, ఆ వెనక కొర్ర, సంక్రాంతి తర్వాత కంది. ఇంటికి ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది. ఒక్క రాత్రి వానకు అన్నీ పోవు.

విత్తనం మాత్రం సొంతంగా పెట్టుకోవాలి. బుట్టకు పేడ అలికి, బూడిద, వేపాకు కలిపి, పైన మట్టితో మూసేస్తే మళ్ళీ వానాకాలానికి పురుగు పట్టకుండా ఉంటుంది. మా సంఘంలో ఒక శేరు తీసుకుంటే రెండు శేర్లు తిరిగి ఇవ్వాలి.

లెక్కల_మాస్టారు | ఏప్రిల్ 9

అందరూ మంచి మాటలే చెప్తున్నారు, కానీ ఈ అబ్బాయి బెంగళూరులో ఉంటాడని మరిచిపోతున్నారు. నేను ప్రకృతి వ్యవసాయానికి వ్యతిరేకిని కాదు, మూడేళ్ళుగా రెండెకరాల్లో చేస్తున్నాను. ఒకసారి పని లెక్క చూడండి. జీవామృతం ఎకరాకు 200 లీటర్లు. అందులో 10 కిలోల పేడ, ఆవు మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల శనగపిండి, గుప్పెడు గట్టు మట్టి. ఆరెకరాలకు ఒక్క తడవకు 1200 లీటర్లు, 60 కిలోల పేడ, 12 కిలోల బెల్లం, 12 కిలోల పిండి. పదిహేను రోజులకో నెలకో ఒకసారి. బోరు లేని చేనుకు ఆ నీళ్ళు ఎక్కడి నుంచి తెస్తారు? ఆవు ఎవరింట్లో ఉంది? డ్రమ్ములో పొద్దున సాయంత్రం ఎవరు కలియబెడతారు?

మొదటి రెండేళ్ళు మాకు దిగుబడి తగ్గింది. మూడో ఏట కోలుకుంది. ఆ మధ్యలో అప్పు మీద బతికే రైతు అయితే మునిగిపోతాడు. కాబట్టి ఎవరి మీదా పెట్టే ముందు ఆ రెండేళ్ళ లోటు ఎవరు భరిస్తారో మాట్లాడుకోండి. భూమి గలవాళ్ళు ఆదర్శాలు చెప్తారు, నష్టం మాత్రం దున్నేవాడికి పోతుంది.

మడకమేడి | ఏప్రిల్ 9

మాస్టారు లెక్క నిజం. డ్రమ్ములు వద్దు నాయనా, గొర్రెల మంద పెట్టించు. ఎండాకాలం మన వైపు నుంచి వలస పోయే మందలు ఉంటాయి. నాలుగైదు రాత్రులు నీ చేలో ఆపితే పేడ, మూత్రం నేరుగా నేలలోకే. రాత్రికింత అని మాట్లాడుకుంటారు, డబ్బులో గింజలో ఇస్తే సరి. ఎకరానికి ఎకరానికి మంద జరుపుకుంటూ పోవాలి, ఒకేచోట ఉంచేస్తే మిగతా చేనుకు అందదు.

చెరువుకట్ట | ఏప్రిల్ 10

చెరువు మట్టి మాట ఎవరూ ఎత్తలేదే. మీ ఊరి చెరువులో ఒండ్రు ఉంటే ఎర్రనేలకు అంతకన్నా మంచిది లేదు. తెలంగాణలో 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు మా ఊళ్ళో పూడిక తీసి కట్ట పక్కన పోశారు. ఎవరి ట్రాక్టరు వాళ్ళు పెట్టుకుని చేలకు తోలుకున్నాం. మేం ఎకరాకు 30 ట్రాక్టర్ల దాకా తోలాం. ఆ ఏడు పక్క చేను వాడిపోయినప్పుడు మా పత్తి ఇంకో వారం తట్టుకుంది, అది నా కళ్ళతో చూశాను. తోలే ముందు ఆ మట్టిని కూడా పరీక్ష చేయించండి, చౌడు ఉంటే ఉన్న నేల పాడవుతుంది. అనుమతి లేకుండా తవ్వొద్దు, పంచాయతీలో, నీటిపారుదల వాళ్ళ దగ్గర అడగండి.

మన వాళ్ళకు ఈ చెరువు శాస్త్రం కొత్త కాదు, అది తలుచుకుంటే నాకు ఒళ్ళు పులకరిస్తుంది. కడప జిల్లా పోరుమామిళ్ళలో 1369 నాటి శాసనం ఉంది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు చెరువు కట్టించి వేయించింది. మంచి చెరువుకు 12 అంగాలు కావాలని అందులో చెక్కించారు: గట్టి నేల, తియ్యటి నీళ్ళ నది, పనితనం తెలిసిన మనుషులు, ఇలా. ఆ పక్కనే దోషాలు కూడా చెప్పారు. చౌడు నేల ఒక దోషం. వచ్చే నీళ్ళు ఎక్కువై చోటు తక్కువ కావడం దోషం, చోటు ఎక్కువై నీళ్ళు తక్కువ కావడం కూడా దోషమే. మీరు చేలో సేద్యపు కుంట తవ్వించాలనుకుంటే ఆ మాటే గుర్తుంచుకోండి. ఉపాధి హామీలో ఎలాగూ కుంటలు తవ్విస్తారు, ఎక్కడ తవ్వాలో మాత్రం వాన పడేటప్పుడు నిలబడి చూస్తేనే తెలుస్తుంది. ఖాళీ మూల ఉందని అక్కడ తవ్విస్తే నీళ్ళు రావు.

సాలు_రైతు | ఏప్రిల్ 12

వారం నుంచి చదువుతున్నా, రాయాలా వద్దా అనుకుంటూ. నాకు సొంతంగా ఎకరా కూడా లేదు. పద్నాలుగేళ్ళుగా గుత్తకు, కోరుకు (పంటలో వాటాకు) చేస్తున్నా. మొత్తం పదకొండు ఎకరాలు, నలుగురి భూములు. కాబట్టి ఆ గెనిమ కట్టని అన్న తరపున నేను మాట్లాడతా.

ఎనిమిదేళ్ళ కిందట ఒకరి చేను మూడెకరాలు గుత్తకు పట్టుకున్నా. రాళ్ళ నేల. నేను, నా భార్య రెండు ఎండాకాలాలు రాళ్ళు ఏరి గెనిమకు పేర్చినాం. చెరువు మట్టి తోలించడానికి నగ పెట్టి డబ్బు తెచ్చినా. మూడో ఏడు చేను కళ్ళకు కనపడేలా మారింది, శెనక్కాయ ఊడలు దిగడానికి నేల మెత్తబడింది. ఆ ఏడు ఉగాదికే ఆసామి కబురు పెట్టినాడు, ఇంకొకాయన ఎకరాకు రెండు వేలు ఎక్కువ ఇస్తానన్నాడు, నువ్విస్తావా అని. నేను ఇయ్యలేకపోయినా. నేను బాగు చేసిన నేలకు నా మీదే పాట పెంచినారు.

ఆ రోజు నుంచి ఒకరి భూమిలో గంప పెంట కూడా వేయలేదు. వేసే మనసు లేక కాదు. పక్క ఏడు ఆ చేను నాదో కాదో తెలియనప్పుడు ఎందుకు వేస్తా? ఒక్క ఏడాదికి చేను చేతిలో ఉన్నోడు ఆ ఏడాది పైకం వచ్చే పంటే వేస్తాడు. పిండి సంచులు (రసాయన ఎరువు) ఎక్కువ వేస్తాడు, మందు కొడతాడు, కందిని కూడా వేయడు, కంది సంక్రాంతి దాటినాక గానీ రాదు కాబట్టి. గెనిమ కట్టేది పదేళ్ళు ఉండేవాడి పని.

ఇంకా ఉంది. వాన పోయి పంట పోతే నష్టపరిహారం పట్టాదారు పాస్‌బుక్ ఎవరిదో వాళ్ళ ఖాతాలో పడుతుంది. బ్యాంకు అప్పు నాకు రాదు, నూటికి రెండో మూడో వడ్డీకి బయట తెస్తా. సాగుదారు కార్డు (కౌలు రైతుకు సర్కారు ఇచ్చే కార్డు) ఉంటే కొంత నయం, దానికి ఆసామి సంతకం పెట్టాల. నలుగురిలో ఒక్కరు పెట్టినారు. మిగతా ముగ్గురూ మంచోళ్ళే, పండగకు పిలిచి అన్నం పెడతారు, సంతకం అంటే మాత్రం మాట మారుస్తారు.

కాబట్టి తమ్ముడూ, ఏ పంట, ఏ ఎరువు అని తర్వాత అడుగు. ఆ అన్నకు నీ చేను ఎన్నేళ్ళు ఇస్తావో ముందు చెప్పు.

జొన్నకంకి | ఏప్రిల్ 12

అన్నా, మీరు రాసినందుకు దండం. మా దగ్గర సంఘం ఆడవాళ్ళు రాళ్ళు ఏరింది కూడా పట్టా తమ చేతికి వచ్చిందని, ఇంకెవరూ తీసుకోరని నమ్మకం కుదిరాకే. ఇన్నాళ్ళూ నేను విత్తనం గురించే చెప్పుకుంటూ వచ్చాను, ఈ సంగతి నా ధ్యాసకే రాలేదు.

డాలస్_నుంచి | ఏప్రిల్ 13

సాలు_రైతు గారు చెప్పిన ఆ ముగ్గురిలో ఒకరి లాంటి వాడిని నేను. మాకు గుంటూరు జిల్లాలో ఐదెకరాలు ఉంది, ఇరవై ఏళ్ళుగా అమెరికాలో ఉంటున్నాను. మూడేళ్ళ కిందట మా కౌలు రైతు సంతకం అడిగితే పెట్టలేదు. భూమి పోతుందని భయం. మా తాతగారి కాలంలో కౌలుదారుకు హక్కులు వచ్చి భూమి చేజారిందని ఇంట్లో పదే పదే విన్నాను, ఆ భయం నాకూ వచ్చింది. ఆ ఏడాది తుఫానుకు పంట పోయింది. పరిహారం నా ఖాతాలో పడింది. నేను ఆయనకు పంపించాను, నిజమే, కానీ నాలుగు నెలలు ఆలస్యంగా, ఆయన రెండు సార్లు ఫోన్ చేసి అడిగాక. ఆయన అలా అడగాల్సి రావడం ఈ రోజుకీ నాకు బాధగా ఉంటుంది. చట్టం నిజంగా ఏం చెప్తుందో తెలిసినవాళ్ళు చెప్తారా?

మట్టిమనిషి | ఏప్రిల్ 13

ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం ఆ ఒప్పందం 11 నెలలకే. సాగుదారుకు వచ్చే హక్కు పంట మీదే, భూమి మీద కాదు. యజమాని హక్కుకు ఏ ఇబ్బందీ లేదని చట్టంలోనే ఉంది. పంట రుణం, బీమా, పరిహారం లాంటివి సాగు చేసే మనిషికి అందడానికి పెట్టింది అది. యజమాని సంతకం తప్పనిసరి కావడమే దాని బలహీనత కూడా, మీ లాంటి భయాల వల్లే చాలా మందికి కార్డు రాలేదు. తెలంగాణలో 2018లో రైతుబంధు మొదలైనప్పుడు ఎకరాకు పంటకు 4 వేలు ఇచ్చారు, అది కూడా పట్టా ఉన్నవాళ్ళకే, కౌలు రైతుకు కాదు. దున్నేది ఒకరు, కాగితం ఇంకొకరిది.

11 నెలల కాగితంతో నేల బాగుపడదు అన్నది కూడా నిజమే. చాలా మంది చేసేది ఏమిటంటే కార్డు ఏటేటా రాయించడం, ఐదారేళ్ళ మాట మాత్రం పెద్దమనుషుల ముందు విడిగా అనుకోవడం. ఎక్కువ కాలానికి రాతపూర్వక కౌలు రాయాలంటే ఊళ్ళో తెలిసిన వకీలును పెట్టుకుని రాయించండి, నలుగురూ చెప్పిన మాట విని సొంతంగా రాయొద్దు.

కదిరి_కుర్రాడు | మే 4

ఆలస్యానికి క్షమించండి. సాలు_రైతు అన్న పోస్టు చదివాక రెండు రోజులు ఏమీ రాయలేకపోయాను. పోయిన వారం ఊరికి వెళ్ళాను, మా గుత్త అన్న ఇంటికి వెళ్ళి కూర్చున్నాను. గెనిమలు తెగిపోయాయన్నా అన్నాను. ఆయన వెంటనే, ‘‘తెలుసు. నాకు చేయబుద్ధి అయింది, మీరు అమ్ముతారని ఊరంతా అంటుంటే చేతులు రాలేదు’’ అన్నాడు. ఏ చోట ఎంత తెగిందో, ఏ వానకు తెగిందో నాకన్నా ఆయనకే తెలుసు. మా నాయన మరవ ఎక్కడ పెట్టేవాడో కూడా చూపించాడు. అది నాకు తెలియదు. మా నాయన చేనులో మా నాయన చేసిన పని నాకు ఇంకొకరు చూపించాల్సి వచ్చింది.

ఐదేళ్ళు ఆయనకే అని మాట ఇచ్చాను, ఆయన బామ్మర్ది, మా చిన్నాన్న ఇద్దరూ ఉన్నారు. గుత్త డబ్బు తీసేసి కోరు మాట్లాడుకున్నాం, కానీ సగం కాదు, మొదటి రెండేళ్ళు నాకు మూడో వంతే. మాస్టారు చెప్పిన ఆ రెండేళ్ళ లోటు నేను భరిస్తాను, నాకు జీతం వస్తుంది. గెనిమలకు జేసీబీ, రాళ్ళు, చెరువు మట్టి ఖర్చు నాది. పని చూసుకోవడం ఆయనది. చెరువు మట్టి ఈ ఏడు రెండెకరాలకే తోలించగలిగాం, పరీక్షలో చౌడు లేదని వచ్చింది. మా చేను రిపోర్టులో సేంద్రియ కర్బనం 0.3 ఉంది, మీరు అన్నట్టే.

మిగతా నాలుగెకరాల్లో నవధాన్యాలు చల్లుదామని ఆయనే అన్నాడు, పక్క ఊళ్ళో చూశాడట. ఎప్పుడు చల్లాలి, ఎంత?

మట్టిమనిషి | మే 4

ఇప్పుడే చల్లొచ్చు. వాన కోసం ఆగక్కర్లేదు, రుతుపవనాలకు ముందే పొడి దుక్కిలో వేయడమే ఆ పద్ధతి. ప్రభుత్వ ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంలో రైతు సాధికార సంస్థ వాళ్ళు కొన్నేళ్ళుగా దీన్ని చేయిస్తున్నారు. 2024లో ఆ కార్యక్రమానికి పోర్చుగల్‌లోని గుల్బెంకియన్ ప్రైజ్ కూడా పంచి ఇచ్చారు. ఎకరాకు 10, 12 కిలోల కలగలుపు విత్తనం: సజ్జ, జొన్న, కొర్ర, పెసర, అలసంద, ఉలవ, అనుము, కంది, నువ్వు, ఆముదం, జనుము, ఎన్ని రకాలు దొరికితే అన్ని. పేడ, బంకమట్టి, బూడిద పట్టించి ఆరబెట్టి వేస్తే చీమలు, పక్షులు తక్కువ తింటాయి, చిన్న చినుక్కు మొలిచి ఎండిపోకుండా కొంత ఆగుతాయి. అరకొర వానకు కూడా నేల మీద పచ్చదనం పడుతుంది. శెనక్కాయ వేసే ముందు కోసి అక్కడే పరవండి, లేదా గొడ్లకు మేపండి.

లెక్కల_మాస్టారు | మే 5

అబ్బాయ్, మూడో వంతు అన్నావు చూడు, దానికి నా నమస్కారం. విత్తనం ఖర్చు ఎవరిదో కూడా ఇప్పుడే అనుకోండి, చిన్న చిన్న వాటి దగ్గరే మాట తేడా వస్తుంది. ఒక నోటుబుక్కులో రాసి ఇద్దరూ ఉంచుకోండి.

కదిరి_కుర్రాడు | జులై 11

జూన్ ఆఖరు వారంలో ఒక రాత్రి గట్టి వాన పడింది. నేను బెంగళూరులో ఉన్నాను, నిద్ర పట్టలేదు. తెల్లారి అన్న వీడియో కాల్ చేసి చేనంతా తిప్పి చూపించాడు. మూడు గండ్లలో రెండు నిలబడ్డాయి. కానీ మూడోది మళ్ళీ తెగింది, కొత్తగా పోసిన మట్టి పది అడుగుల దాకా కొట్టుకుపోయింది. నవధాన్యాలు రెండెకరాల్లో బాగా లేచాయి, మిగతా చోట పలచగా ఉన్నాయి, జూన్ మొదట్లో చినుకులకు మొలిచినవి కొన్ని మాడిపోయాయి. అన్నీ ఉన్నది ఉన్నట్టు చెప్తున్నా. నిలిచిన గెనిమ పక్కన మాత్రం నీళ్ళు రెండు రోజులు ఆగాయి. అన్న ఆ నీళ్ళ ఫోటో తీసి పంపితే మా అమ్మ ఎంతసేపు చూసిందో.

మడకమేడి పెద్దాయనా, ఆ మూడో చోట ఏం చేయమంటారు?

మడకమేడి | జులై 11

తెగిందంటే మరవ చాలడం లేదన్నమాట, లేదా ఎత్తులో ఉంది. నీళ్ళు ఎక్కడ మొదట పొర్లాయో ఆ అన్నను అడుగు, ఆయన చూసి ఉంటాడు. మరవ అక్కడికి మార్చండి, మూరెడు వెడల్పు పెంచండి. పదును ఆరాక మట్టి పోసి తొక్కించి, పైన కసువు గడ్డలు నాటండి, ఈ వానలకే వేళ్ళు పట్టేస్తాయి. కింద వంక పక్కన వాయిలి ఉంటే కొమ్మలు విరిచి గుచ్చేయండి, అది ఊరికే బతుకుతుంది, మేక కూడా తినదు. రెండు నిలిచినాయి అన్నావు కదా, మొదటి ఏడుకు అది మంచి పనే.

సాలు_రైతు | జులై 12

తమ్ముడూ, అంతా చదివినా. సంతోషం. ఆ కార్డు మీద సంతకం పెట్టినావా?

కదిరి_కుర్రాడు | జులై 12

పెట్టానన్నా. పోయిన సోమవారం సెలవు పెట్టి వెళ్ళి, ఇద్దరం కలిసే ఆఫీసుకు వెళ్ళాం. కార్డు ఆయన చేతికి ఇంకా రాలేదు, వచ్చే వారం రమ్మన్నారు.

సాలు_రైతు | జులై 12

ఆయన్ను ఒక్కణ్ణే పంపొద్దు. ఒక్కడే పోతే ఆసామిని పిలుచుకు రమ్మని తిప్పి పంపుతారు, ఒక రోజు కూలి పోతుంది. కుదిరితే నువ్వూ పో, లేకపోతే ఆ టైముకు ఫోన్ దగ్గర ఉండు. పంట బీమా గడువు ఎప్పుడో కూడా అదే రోజు అడిగి రండి.

డాలస్_నుంచి | జులై 13

నేను ఆగస్టులో వస్తున్నాను. సాగుదారు కార్డుకు నా ఆధార్, పాస్‌బుక్ కాకుండా ఇంకేం తీసుకురావాలో ఎవరైనా చెప్పండి. మా కౌలు రైతుకు ఈ సారి నేనే ఫోన్ చేశాను.